నాలుగు చక్రాల పంతం

మా క్యాంపు మట్టిబాట కల్మల దగ్గర తారురోడ్డు ఎక్కే చోట, ఆఖరి ఏళ్ళలో మా ఆయన రోజూ వెళ్ళి నిలబడేవాడు. ఏ జీపు బురదలోంచి పైకొచ్చినా చెయ్యెత్తి ఆపి, "ముందు గేరు తీశావా?" అని అడిగేవాడు. తీశానంటే పక్కకు తప్పుకునేవాడు. తియ్యలేదంటే తీసేదాకా బండి ముందునుంచి కదిలేవాడు కాదు. కుర్రకారుకి అదో వేడుక. "బాపయ్య తాతకి జీపు పొగ పీలిస్తేగానీ అన్నం సయించదు" అని నవ్వుకునేవాళ్ళు. నవ్వనీ, నవ్వితే పోయిందేముంది అని నేనూ ఊరుకున్నాను. అసలు సంగతి చెప్పాలంటే నాకే తల కొట్టేసినట్టుండేది.

మాది గుడివాడ పక్క పల్లె. తుంగభద్ర కాలవ కింద భూములు చవగ్గా వస్తున్నాయని యాభైల చివర్లో మా బావగారు పిచ్చయ్య, మా ఆయన ఉన్న ఎకరం అరా అమ్ముకుని ఇక్కడికి, రాయచూరు పక్కకి వచ్చిపడ్డారు. వెనకాలే మా తోటికోడలు పున్నమ్మక్క, నేను. మాలా వలసొచ్చినవాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. వచ్చి చూస్తే ఏముంది, తుమ్మ ముళ్ళు, తేళ్ళు, ఎండ. ఇద్దరన్నదమ్ములూ ముళ్ళు కొట్టి, గట్లు వేసి, మడి కట్టి, నల్లరేగడిలో వరి పండించారు. కష్టానికి మా ఆయన్ని మించినవాడు లేడు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. కాకపోతే పంతం. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు తెచ్చి చేతిలో పెట్టినా, "ఇది వేరే కుందేలుదే" అనే రకం.

ఈ రేగడి సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఎండలో ఇనుము. నాలుగు చినుకులు పడ్డాయా, బంక. బండి చక్రానికి పట్టిందంటే చక్రం కనపడదు, మట్టి ముద్ద కనపడుతుంది. వానాకాలం వస్తే క్యాంపునుంచి కల్మల రోడ్డు ఎక్కడమంటే కాశీకి వెళ్ళినంత పని. ఆ బాధ పడలేక మా ఆయన సికింద్రాబాదు వెళ్ళి, మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపొకటి పాడుకుని తెచ్చాడు. చుట్టుపక్కల క్యాంపుల్లో అదే మొదటి జీపు. ఆయన మీసానికి అప్పటినుంచే నూనె ఎక్కువైంది.

ఆ జీపులో మామూలు గేరు కాక కింద ఇంకో చిన్న లివరు ఉండేది. అది వెయ్యకపోతే వెనక రెండు చక్రాలే బండిని తోస్తాయి. వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. దాన్ని మేం ముందు గేరు అనేవాళ్ళం. ఆ గేరు వేస్తే చాలు, ఎంత బురదలోనైనా జీపు గేదెలాగా ఈదుకుంటూ వెళ్ళేది. తొలకరిలో మొదటిసారి అలా దాటినప్పుడు క్యాంపు పిల్లలంతా వెనకాల కేకలు వేస్తూ పరుగెత్తారు. నేను కూడా గుమ్మంలోంచి చూసి మురిసిపోయాను, అబద్ధమెందుకు.

బండి నడపడానికి కల్మల మనిషిని పెట్టుకున్నాడు. పేరు ఈరప్ప. కాలవ తవ్వేటప్పుడు ఒక కంట్రాక్టరు దగ్గర జీపు తోలినవాడు. సన్నటి మనిషి, నుదుట విభూతి, మెడలో వెండి కాయలో లింగం. మా ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. తన జొన్నరొట్టె మూట తనే తెచ్చుకుని, చెయ్యి కడుక్కుని, లింగాన్ని కళ్ళకద్దుకుని తినేవాడు. నేను ఉల్లిపాయ ఇవ్వబోతే కూడా, "మాకు నడవదమ్మా" అని నవ్వేవాడు. మా ఆయనకి బండి నేర్పింది కూడా అతనే.

అతనికి ఒక అలవాటు. బురదలో ముందు గేరు వేసి వచ్చినవాడు, తారురోడ్డు ఎక్కగానే బండి ఆపేవాడు. కొంచెం వెనక్కి పోనిచ్చి, ఆ చిన్న లివరు లాగేసి, అప్పుడు ముందుకు పోనిచ్చేవాడు. అది చూసి మా ఆయనకి కడుపు మండేది.

ఒకసారి నేను వెనక కూర్చుని ఉండగానే అడిగాడు. "ఏమయ్యా ఈరప్పా, ముందు చక్రాలకి సెలవిచ్చావా? నాలుగెడ్లు కొనుక్కొచ్చి, రెండెడ్లని బండికి కట్టి, రెండెడ్లని పక్కన షికారు నడిపిస్తామా మేం?"

"అట్ల కాదు ధణీ," అన్నాడు ఈరప్ప. మమ్మల్నందర్నీ ఇక్కడివాళ్ళు ధణి అనే పిలుస్తారు, యజమాని అన్నట్టు. "కల్లంల ఎడ్లు తిప్పుతరు గద. లోపలెద్దు చిన్నగ తిరుగుతది, బయటెద్దు పెద్దగ తిరుగుతది. రెండింటికి ఒక్కటే అడుగెయ్యమంటె ఏమైతది? చక్రాలు గూడ అంతే. మలుపు తిరిగెటప్పుడు ఒక్కోటి ఒక్కో తీరుగ తిరగాలె. బురదలైతే జారి సర్దుకుంటయి. గట్టి రోడ్డు మీద ఏడ జారుతయి? జారనీకి లేక లోపల బిగుసుకుంటది. ఎన్నడో ఒకనాడు ఇరుగుతది."

"అబ్బో, పెద్ద ఇంజనీరువి!" అన్నాడు మా ఆయన. ఆ మాట ఆయన చెవిన పడింది. బుర్రలోకి వెళ్ళిందో లేదో నాకు తెలియలేదు. వెళ్ళిందని తర్వాత తెలిసింది, అదే నా బాధ.

ఆ ఏడు నాట్ల కాలంలో ఈరప్ప వాళ్ళ చుట్టాల ఇంట్లో జంగమపూజ అని ఒక రోజు సెలవడిగాడు. ఆ రోజు మా ఆయన ఒక్కడే జీపు తీసుకుని రాయచూరు వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. వచ్చినవాడు ఎందుకో మాట్లాడలేదు. ఎరువుల కొట్టు మూసి ఉంది కాబోలు, విసుక్కుంటున్నాడు అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఈరప్ప నడుపుతుండగా జీపులో పున్నమ్మక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు రాయచూరు బయల్దేరారు, పెళ్ళి బట్టలకి. కల్మల దాటాక మలుపులో ఢామ్మని చప్పుడైందట. బండి కింద వెనక చక్రాల్ని తిప్పే ఇనప రాడ్డు ఊడి, రోడ్డుకి గుచ్చుకుంది. జీపు ఎగిరి పక్క గుంటలో ఒరిగింది. మిగతావాళ్ళకి గీరుకుపోయిందంతే. పున్నమ్మక్క చెయ్యి విరిగింది. ఈరప్ప తన తలకి తగిలిన దెబ్బ చూసుకోకుండా, దారినపోయే బండి ఆపి ఆమెని ఆసుపత్రికి చేర్చాడు. అది కూడా ఆ రోజు ఎవరూ చెప్పుకోలేదు.

సాయంత్రం మా కల్లంలో క్యాంపు మగవాళ్ళంతా చేరారు. ఏ తగువైనా అక్కడే తేలడం మాకు అలవాటు. ఆడవాళ్ళం గడ్డివాము పక్కన నిలబడ్డాం. మా బావగారి కోపం మీకు తెలియదు. ఆయన గొంతు లేస్తే మా ఆయన యాభయ్యేళ్ళ మనిషి కూడా పలకా బలపం పట్టుకున్న పిల్లాడైపోతాడు.

"ఒరేయ్ బాపయ్యా, రాయిలాంటి బండి అన్నావు. ఎందుకు విరిగిందిరా?" అని ఆయన ఉరిమాడు.

మా ఆయన ఈరప్ప వైపు చూశాడు. ఈరప్ప తలకి గుడ్డ కట్టుకుని నిలబడి ఉన్నాడు. మెల్లిగా అన్నాడు: "పొద్దుగాల తారురోడ్డు ఎక్కినంక ముందు గేరు ఊడిరాలే అయ్యా. గట్టిగ పట్టుకొని ఉండె. వెనక్కిపోనిచ్చి ఎట్లనో తీసిన. నిన్న బండి ఎవరు నడిపిరో, ఎట్ల నడిపిరో జర అడగండి."

అందరి కళ్ళూ మా ఆయన మీద పడ్డాయి. నాకు ఇప్పటికీ ఆ మొహం కనపడుతుంది. చెమట పట్టింది. అప్పుడు అన్నాడు ఆ మాట.

"నిన్నటి సంగతి దేనికి? ఇందాక దెబ్బ తగిలిందని దగ్గరికెళ్తే వీడి నోట సారా వాసన గుప్పుమంది."

ఈరప్పకి మొదట అర్థం కాలేదేమో, చుట్టూ చూశాడు. తర్వాత చొక్కాలోంచి లింగం కాయ బయటికి తీసి గుప్పెట్లో పట్టుకున్నాడు.

"ధణీ, లింగం పట్టుకొని చెప్తున్న. మా ఇంట్ల తాతలనాటి నుంచి ఎవ్వరు ముట్టలే. మీరు పనిల నుంచి తీసెయ్యండి, కొట్టండి, ఏమన్న చెయ్యండి. ఆ మాట మాత్రం అనకండి."

మా ఆయన నేల చూస్తున్నాడు. బావగారే అందుకున్నాడు. "లింగం కట్టుకున్నోడు తాగకూడదని సారాకొట్టువాడికి తెలుసా? పో, నీ మొహం మళ్ళీ క్యాంపులో కనపడితే కాళ్ళిరగ్గొడతా."

ఈరప్ప వెళ్ళిపోయాడు. ఇంటాయన అబద్ధమాడతాడని ఎవరనుకుంటారు? నేనూ నమ్మాను.

ఆ మాట మాకంటే ముందే కల్మల చేరింది. ఆ తర్వాత ఏ క్యాంపులోనూ అతనికి బండి ఇవ్వలేదు. దేవదుర్గ వైపు రోడ్డు పనికి వెళ్ళి కంకర కొడుతున్నాడని పాలు పోసే మనిషి చెప్పగా విన్నాను. తాగుడు ఎంత పని చేసింది అనుకున్నాను. తాగుడంట!

జీపు రాయచూరులో బాగుచేయించుకొచ్చి, ఇక మా ఆయనే నడపడం మొదలుపెట్టాడు. ఇక్కడ వినండి ఆయన వింత. ముందు గేరు బురదలోనూ తియ్యడు, రోడ్డు మీదా తియ్యడు. పొడినేల, తారు, కంకర, ఏదైనా సరే నాలుగు చక్రాలే. మలుపులో స్టీరింగు తిప్పడానికి రెండు చేతుల బలమూ చాలేది కాదు. టైర్లు కీచుమని ఏడ్చేవి. కొత్త టైర్లు ఎలుకలు కొరికినట్టు అరిగిపోయాయి.

"ఏవండీ, ఈరప్ప ఇక్కడ తీసేవాడుగా?" అన్నాను ఒకసారి.

"వాడి పేరెత్తావంటే దింపేస్తాను," అన్నాడు. పెళ్ళైనప్పటినుంచీ నాతో అంత కఠినంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

కోతలకు ముందు ఒకనాడు ఇద్దరమే రాయచూరు బయల్దేరాం. కాలవ గట్టుకింద బురద దాటి తారెక్కాం. నేను లివరు వంక చూశాను. ఆయన కూడా చూశాడు. చూసి, యాక్సిలేటరు ఇంకా తొక్కాడు. బండి ముక్కుతోంది, మూలుగుతోంది, నడుం పట్టేసిన మనిషిలాగా. కల్మలలో సంతవీధి మలుపు తిరుగుతుంటే ఇక కదలనంది. సరిగ్గా మహదేవప్ప చాయ్ హోటలు ముందు.

మహదేవప్ప ఎవరనుకున్నారు, ఈరప్పకి సొంత మేనమామ. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని మావైపు తిరిగారు. మా ఆయన లివరు లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. కాలితో తన్నాడు. మొహం కందగడ్డైపోయింది.

మహదేవప్ప గల్లాపెట్టె దగ్గరనుంచి లేచి వచ్చాడు. కాలవ పనుల్లో అతనూ బండ్ల దగ్గర ఉన్నవాడేనట. జాకీ తీసి ముందు చక్రం కింద పెట్టి లేపాడు. చక్రం నేల వదిలిందో లేదో, ఎవరూ ముట్టుకోకుండానే గిర్రున వెనక్కి తిరిగింది. దయ్యం పట్టి వదిలినట్టుంది. అప్పుడు మహదేవప్ప లోపలికి వంగి, రెండు వేళ్ళతో లివరు లాగాడు. వచ్చేసింది.

"చూసిన్రా ధణీ? లోపల గింత బిగుసుకొని ఉండె. గిట్లనే నడుపుతుంటె ఏదో ఒకటి ఇరుగుతది," అన్నాడు. జాకీ దించి, చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాడు. తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు: "మా అల్లుని నోట వాసనొచ్చె అంటిరి. ఇయ్యాల ఎవరి నోట వస్తున్నది?"

బెంచీల మీద ఒక్కరైనా నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. మా ఆయన బండెక్కి, రాయచూరు వైపు కాదు, వెనక్కి తిప్పాడు. నేను చీరకొంగు తలమీదికి లాక్కున్నాను. ఆ వీధిలో అంతదూరం అలా మొహం దాచుకుని రావడం నా జన్మలో అదే.

కాలవ గట్టు దగ్గర ఎండలో బండి ఆపేశాడు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను చూడలేదు.

"వాసన రాలేదు సీతా," అన్నాడు. "ఏ వాసనా రాలేదు."

అప్పుడు మొత్తం బయటపడింది. బండి విరిగిన ముందు రోజు రాయచూరు పోనూ రానూ తారు మీద ముందు గేరుతోనే నడిపాడట. నాలుగూ లాగుతుంటే ఎంత దర్జాగా ఉంటుందో చూద్దామని. తిరిగొచ్చేటప్పుడు కింద ఏదో పటుక్కుమంది. విన్నాడు. గేరు తియ్యబోతే రాలేదు. అలాగే తెచ్చి కొట్టంలో పెట్టేసి, పొద్దున ఈరప్ప బండి తీస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాడట. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "అప్పుడే చెప్పానుగదా ధణీ అని వాడు మనసులో అనుకుంటాడని". ఇదీ కారణం! ఈ పాటి దానికి మా పున్నమ్మక్క చెయ్యి, ఒక మనిషి బతుకు. రాయచూరు మెకానిక్కు కూడా విరిగిన ముక్క చూసి, "గట్టి రోడ్డు మీద నాలుగు నడిపిన్రా ఏంది అన్నా?" అని అడిగాడట. "మా డ్రైవరు నడిపాడు" అని చెప్పాడట ఈయన.

"మరి తెలిసి తెలిసి, మళ్ళీ ఎందుకండీ అలాగే నడిపారు?"

"దానివల్ల బండి చెడదని తేలితే, తప్పు వాడిదే అవుతుంది కదా," అన్నాడు చిన్నపిల్లాడిలాగా. "ఇన్నాళ్ళూ చెడలేదు. రోజూ చూస్తూనే ఉన్నాను. చెడకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను."

నాకు జాలి కలగలేదు. కలగాల్సిందేమో, కలగలేదు. "ఛీ! మీతో కాపురం చేశానని చెప్పుకోడానికి సిగ్గేస్తోంది," అన్నాను. "నా ముందు ఏడిస్తే ఏం లాభం? కల్లంలో అన్నారుగా, కల్లంలోనే చెప్పండి."

"అన్నయ్య చంపేస్తాడు."

"చంపనివ్వండి."

చెప్పలేదు. మగవాళ్ళ సిగ్గుకి దొడ్డిదారులెక్కువ. కోతలయ్యేదాకా నాన్చి, ముందు రెండు బస్తాల బియ్యం బండికెత్తించి కల్మలలో ఈరప్ప ఇంటికి పంపాడు. బండి ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది. బండి వెనకాలే ఈరప్ప పెళ్ళాం గౌరమ్మ నడుచుకుంటూ వచ్చింది. మా అరుగు ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడింది.

"అక్కా, బియ్యం లేక సస్తలేము," అంది నాతో. "తాగుబోతోని పెండ్లాం అంటున్నరు నన్ను. బాయికాడ కొడం పెట్టనిస్తలేరు. మా అత్త పంపమ్మ ఉన్నది గద, ఆమె ఆయన్ని గడప తొక్కనియ్యలే. లింగం కట్టిన ఇంట్ల తాగినోనికి కూడు పెట్టనని తలుపేసుకున్నది. ఆయన దేవదుర్గ పోయింది పని లేక కాదక్కా. ఇంట్ల జాగ లేక పోయిండు. మా మనిషి పేరు మాకు ఇయ్యమను, అంతే."

ఆయన లోపల మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. ఆవిడ మంచినీళ్ళు కూడా అడగకుండా అంత ఎండలో వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడే ఆయన జీపు ముట్టుకోకుండా, బస్సులో దేవదుర్గ వెళ్ళాడు. రోడ్డు పనుల వెంట అడుగుతూ అడుగుతూ పోతే, ఒక చింతతోపు పక్కన కంకర కొడుతూ కనపడ్డాడట ఈరప్ప. చేతులకి గుడ్డలు చుట్టుకుని ఉన్నాడు. ఈయన వెళ్ళి చేతులు పట్టుకుని, "నువ్వు తాగలేదు, ఈరప్పా. నేను అబద్ధం చెప్పాను. నన్ను క్షమించు," అన్నాడట. అతను సుత్తి కింద పెట్టలేదట.

"నాకెందుకు చెప్తరు ధణీ? నేను తాగలేదని నాకెరికే," అన్నాడట. "ఎరిక లేనోళ్ళకు పోయి చెప్పండి."

ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, అన్నం తినకుండా సరాసరి కల్లంలోకి నడిచాడు, వెనకాలే నేను. నూర్పిళ్ళ రోజులు, అందరూ అక్కడే ఉన్నారు. బావగారి ముందు నిలబడి, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. నాకు ఒక్క క్షణం ఊపిరాడింది, ఇప్పటికైనా మనిషయ్యాడు కదా అని.

మా బావగారు చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "సర్లే, అయిందేదో అయింది. పున్నమ్మ చెయ్యి అతుక్కుంది. జీతగాడి కోసం నలుగురిలో పరువు తీసుకుంటావంట్రా? ఈ మాట ఇక్కడే వదిలెయ్యి. బయట తెలిస్తే రేపు క్యాంపోళ్ళ మాటకి విలువుండదు," అన్నాడు. మిగతావాళ్ళూ తలలూపారు. ఎవరో ఎద్దుల్ని అదిలించారు. నూర్పు మళ్ళీ మొదలైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వీళ్ళకి చెబితే ఏం లాభమండీ? వీళ్ళకి వాడు తాగినా ఒకటే, తాగకపోయినా ఒకటే," అన్నాను గట్టిగా, బావగారు వింటుండగానే. ఇంటి కోడలు ఆ కల్లంలో నోరెత్తడం అదే మొదలు. "ఆ మాట ఎవర్ని కాల్చిందో అక్కడికి పదండి."

సంతరోజు కల్మల వెళ్ళాం. నేనూ వెంట వెళ్ళాను, మళ్ళీ దొడ్డిదారి పట్టకుండా. సంత నిండుగా ఉంది. జొన్నల రాసులు, మిరపకాయలు, దూడలు. మహదేవప్ప హోటలు ముందు ఆయన చెప్పులు విప్పి నిలబడ్డాడు. చెప్పులు విప్పమని ఎవరూ అనలేదు. వచ్చీరాని కన్నడం, తెలుగు కలిపి మొదలుపెట్టాడు. ఈరప్ప తాగలేదని, బండి పాడుచేసింది తనేనని, అన్న కోపానికి భయపడి నోటికొచ్చిన అబద్ధం చెప్పానని. ఒకరిద్దరు ఆగారు. తర్వాత పదిమంది. బేరాలు ఆగిపోయాయి. ఎవరో, "ఏమంటున్నడు? ఏమంటున్నడు?" అని వెనకనుంచి అడుగుతుంటే, ముందున్నవాళ్ళు చెబుతున్నారు. ఆయన చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను గానీ తలెత్తలేకపోయాను.

అయిపోయిందనుకున్నాం. అప్పుడు జనాన్ని తోసుకుంటూ గౌరమ్మ వచ్చింది, ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని. ఈరప్ప తల్లి పంపమ్మ. తెలుగు నేల అంచునున్న యాపలదిన్ని ఆడపడుచు, తెలుగు బాగా వచ్చు. నుదుట విభూతి, మెడలో లింగం, చేతిలో కర్ర.

"ఇంకొక్కసారి చెప్పండి," అంది గౌరమ్మ. "మా అత్తకు చెవులు సరిగ వినపడవు. జర గట్టిగ చెప్పండి."

మా ఆయన నా వైపు చూశాడు. నేనేం చెయ్యను? ఆ ముసలావిడ దగ్గరికి వెళ్ళి, వంగి, చెవిలో చెప్పబోయాడు. గౌరమ్మ ఆపింది. "చెవిల కాదు. మా ఇంటికి మాట మోసుకొచ్చినోళ్ళందరు ఈడనే ఉన్నరు. ఆళ్ళకు వినపడాలె."

అప్పుడు అరిచాడు. గొంతు చిరిగిపోయేలా అరిచాడు. "నీ కొడుకు తాగలేదమ్మా! నేను అబద్ధమాడాను! తాగలేదు! తాగలేదు!" దూడలు బెదిరి తాళ్ళు లాక్కున్నాయి.

పంపమ్మకి వినపడింది. ఆయన మొహంలోకి చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. కర్రెత్తి కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ మెల్లిగా అక్కడే, దుమ్ములో కూలబడింది.

"వాడు లింగం పట్టుకొని చెప్పిండు నాకు," అంది. "తొమ్మిది నెలలు మోసి కన్న బిడ్డ. నా ముందల కూసోని, లింగం నెత్తిన పెట్టుకొని చెప్పిండు. నేను నమ్మలే. నీ అసుంటి పెద్దమనిషి ఊరికె అబద్ధమెందుకు చెప్తడని, నిన్ను నమ్మిన. ముంగటున్న గిన్నె గుంజుకున్న వాని దగ్గర. ఇప్పుడు వాడొస్తే నేను ఏ మొకం పెట్టుకొని అన్నమెయ్యాలె? నువ్వే చెప్పు, అయ్యా. నువ్వు చెప్తె నేను నమ్ముత."

మా ఆయన ఆవిడ ఎదురుగా దుమ్ములో కూర్చున్నాడు.